నల్లా నీళ్ళు

తలుపు వెనక ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. చెవిలో దోమ దూరినట్టు సన్నగా మొదలై, గట్టిదేదో తగలగానే గొంతు బొంగురుపోయి, ఆగి, అమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ సన్నగా. ఆండాళ్ చెప్పుల్లోనే కాలివేళ్ళు బిగించుకుంది. చప్పుడు వినపడితే ఒక బాధ, ఆగితే అంతకు మించిన బాధ, ఎందుకు ఆగిందో, పిల్ల ఏమైనా అందేమో, చెయ్యి ఎత్తిందేమో, నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పింది కదా డాక్టరమ్మ, ఎత్తితే మాత్రం చూస్తుందా, మొహానికి మాస్కు, కళ్ళకి అద్దాలు, ఆ అద్దాలకి మళ్ళీ భూతద్దాలు, అన్ని అద్దాల్లోంచి పిల్ల చెయ్యి ఏం కనిపిస్తుంది. గంట పడుతుందన్నారు. పై వరసలో ముందున్న నాలుగు పళ్ళు. పుచ్చిందంతా గీకేసి, పంటి రంగు ముద్దని పొర మీద పొర అద్ది, నీలం లైటు పెట్టి గట్టిపరచి, చివరికి నున్నగా అరగదీస్తే అయిపోయినట్టే, అసలు పన్నేదో అతికిందేదో ఎవరూ కనుక్కోలేరు, శనివారం స్కూల్ ఫార్మల్ పార్టీ కల్లా మీ అమ్మాయి హాయిగా నవ్వుకోవచ్చు అన్నారు. అన్నీ బాగానే అన్నారు. "మీరూ లోపలికొచ్చి కూర్చోవచ్చండీ" అని కూడా అంది డాక్టరమ్మ. అమృత తల అడ్డంగా ఊపింది. డాక్టరు వైపు చూసి ఊపింది, తల్లి వైపు కాదు. తలుపు మూసుకుంది, ఆండాళ్ బయటి కుర్చీలో పడింది. రెండు వారాలుగా ఆ పిల్ల తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు మరి. ఏం కావాలన్నా తండ్రితో చెబుతుంది. "డాడ్, టెల్ హర్ ఐయామ్ నాట్ హంగ్రీ." హర్ అట, హర్! పదహారేళ్ళు గోరుముద్దలు పెట్టి పెంచిన తల్లి హర్ అయిపోయింది.

లేచింది. లేచి ఎక్కడికి పోవాలో తెలియక గోడవారనున్న చేపల తొట్టి దాకా పోయింది. నారింజ రంగు చేప ఒకటి అద్దానికి మూతి ఆనించి నోరు తెరుస్తోంది, మూస్తోంది. దీనికి పళ్ళ గొడవ లేదు, అదృష్టవంతురాలు. ఈ తొట్టిలో ఏ నీళ్ళు పోస్తారో, నల్లా నీళ్ళే అయ్యుంటాయి, నల్లా నీళ్ళు పోస్తే చేపలకేం కాదా. ఛీ, ఇంకా అదే బుర్ర. రెండు వారాల కింద అంత తల కొట్టేసినట్టయినా బుద్ధి రాలేదు. గోడ మీద టీవీలో మాటల్లేకుండా బొమ్మలు మారుతున్నాయి, ఎడమవైపు అరిగిపోయి, విరిగి, పచ్చబడిన పళ్ళు, కుడివైపు అవే పళ్ళు తెల్లగా మెరిసిపోతూ. మొహాలు లేవు, ఒట్టి మూతులే. ఎవరి మూతో ఎవరికీ తెలియదు. ఆండాళ్‌కి ఒళ్ళంతా చిరచిరలాడింది. చిన్నప్పుడు తమ ఊరి బడికి ఒకసారి డాక్టర్ల బృందం వచ్చి పిల్లలందర్నీ ఎండలో వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమంది. ఈ అనమంది. అందరూ ఈ అన్నారు. కెమెరా ఒక్కో నోటి దగ్గరికీ వచ్చి టక్కుమంది. మొహం దాకా రాలేదు. ఎందుకు తీశారో, ఎక్కడికి తీసుకుపోయారో, ఆ ఫోటోల్లో తన నోరు ఇప్పుడు ఏ గోడ మీద ఉందో. కుడివైపు బొమ్మ మాత్రం ఎవరూ తీయలేదు వాళ్ళకి.

"యూ రైట్, లవ్?" అంది రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి. మనిషి కుదురుగా కూర్చోకుండా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే అడగక ఏం చేస్తుంది. ఆండాళ్ చెయ్యి దానంతటదే మూతి మీదికి పోయింది, "ఆల్ గుడ్, ఆల్ గుడ్" అంది వేళ్ళ సందుల్లోంచి. "వాటర్ కావాలంటే అక్కడుంది చూడు" అన్నట్టు ఆ అమ్మాయి మూల వైపు చూపించింది. చిన్న సింకు, దాని మీద నల్లా, పక్కన కాగితపు గ్లాసుల దొంతర. "ఐ హావ్ మైన్, థాంక్యూ" అని ఆండాళ్ సంచిలోంచి బాటిల్ తీసి చూపించింది, చూపించాక తనూ చూసింది. నీళ్ళ అడుగున నిమ్మచెక్కలు. పొద్దున వంటింట్లో నిలబడి, ఏ లోకంలో ఉందో ఏమో, ఫిల్టర్ నీళ్ళు పట్టి, చెంచాడు తేనె వేసి, నిమ్మకాయ చక్రాలుగా కోసి వేసి, మూత బిగించి, బాగా గిలకరించి సంచిలో పెట్టింది. పదేళ్ళుగా పొద్దున్నే చేసే పని. పిల్ల పళ్ళు ఏ నీళ్ళు తాగి కరిగిపోయాయో అవే నీళ్ళు పట్టుకుని పిల్లకి పళ్ళు కట్టించడానికి వచ్చింది. దొంగసొత్తు దొరికినట్టు బాటిల్‌ని గబగబా సంచిలో కుక్కేసి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. నీ చేతులు పడిపోను, అని తన చేతుల్నే తిట్టుకుంది.

రెండు వారాల కింద, మొదటిసారి చూపించడానికొచ్చిన రోజు కూడా ఎంత గర్వంగా చెప్పింది! డాక్టర్ నీలిమ అమృత నోట్లోకి చూసి, మాస్కు కిందికి లాగి, ఆండాళ్ వైపు తిరిగింది. "మీది నల్గొండాండీ?" అంది. ఊరు, పేరు అడగలేదు, మాట తీరు గమనించేంత మాట్లాడనూ లేదు ఆండాళ్, ఒట్టి ఆమె పళ్ళ మీది మరకలు చూసి అడిగేసింది. "మాది నరసరావుపేటండీ. చదువుకునేటప్పుడు మీ జిల్లా నుంచి ఎంతమందొచ్చేవాళ్ళో" అంది పైగా. నరసరావుపేట! ఒళ్ళు మండదా మరి. మా జిల్లాలో డ్యామ్ కట్టి, మా ముందు నుంచి కాలవలు తవ్వి మీ ఊరికి పంపిన నీళ్ళు తాగి పెరిగావు కాబట్టి నీ పళ్ళు అట్లా ఉన్నాయమ్మా అనాలనిపించింది. అనలేదు. "ఇంట్లో ఏం నీళ్ళు తాగుతారండీ?" అంటే మాత్రం, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు, గడగడా చెప్పింది. మా ఇంట్లో నల్లా నీళ్ళు ఎవరూ ముట్టరు. వంటకి కూడా వాడం. మొదట ఒక ఫిల్టర్ పెట్టించాను, తర్వాత దాని వెనక ఇంకొకటి. పేస్టు కూడా ఫ్లోరైడ్ లేనిదే, ఆర్గానిక్ షాపు నుంచి తెప్పిస్తాను. స్కూలుకి డెంటల్ వ్యాన్ వచ్చినప్పుడల్లా మా పాపకి ఏమీ పూయొద్దని రాసిచ్చాను. బయట ఎక్కడా ఒక్క చుక్క తాగనివ్వలేదు, బాటిల్‌లో తేనె, నిమ్మరసం కలిపి ఇస్తాను, రోజంతా అవే తాగుతుంది. చెబుతూ చెబుతూ చూస్తే డాక్టరు మొహంలో మెచ్చుకోలు లేదు. జాలి ఉంది. "ఇదొక్కటే కారణమని నేననను గానీ అండీ" అని మొదలుపెట్టింది, ఎంత నెమ్మదిగా చెప్పిందో, నెమ్మదిగా చెప్పినందుకే ఇంకా కోపం. ఇక్కడి నీళ్ళలో కలిపే ఫ్లోరైడ్ పిసరంతండీ, పళ్ళు గట్టిపడటానికి. నీళ్ళలో లేదు, పేస్టులో లేదు, పైగా రోజంతా తీపి, పులుపు చప్పరిస్తుంటే పన్ను పైపొర ఎన్నాళ్ళు ఆగుతుంది? మీ ఊళ్ళో అది ఎక్కువై పాడయ్యాయి, పాపకి అసలు లేక పాడయ్యాయి. కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, మాట్లాడే వీల్లేకుండా అమృత అంతా విన్నది. కళ్ళు మాత్రం పక్కకి తిప్పి తల్లిని చూసింది. కార్లో సీట్ బెల్ట్ పెట్టుకున్నాక అంది. "యూ డిడ్ దిస్. నువ్వే చేశావ్." ఒకటే మాట, రెండు భాషల్లో. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

చప్పుడు ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. లోపల ఏదో మాట, డాక్టరు గొంతు, ఏదో పీల్చుతున్న బుడబుడ. తలుపు కింది సందులోంచి నీలం వెలుగు ఒక్క క్షణం నేల మీద పడి పోయింది. అయితే గీకడం అయిపోయి అద్దడం మొదలుపెట్టారన్నమాట. ఇంట్లో గోడకి లప్పం పెట్టినట్టు. పొర మీద పొర. నాయన కూడా సున్నం వేసేవాడు గోడలకి, వంగి కింది వరసలే వేసేవాడు, పై వరసకి చెయ్యి అందక కాదు, తల ఎత్తలేక. బ్రహ్మయ్య అంటే మర్రిగూడ మండలంలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు, నలభై ఏళ్ళకే మెడ బిగుసుకుపోయిన మనిషి. నడుము తిరగదు, మెడ తిరగదు, ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. గ్లాసు ఎత్తి తాగలేడు, తల వెనక్కి వాలదు కదా. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోస్తే వంగి, గిన్నె అంచుకి మూతి ఆనించి తాగేవాడు. ఆ గిన్నెలోవీ ఆ బోరు నీళ్ళే. మెడని బిగించిన నీళ్ళే మెడ వంచి తాగేవాడు, ఇంకేం తాగుతాడు, అవి తప్ప వేరే లేవు. మాపటేళ గడపలో కూర్చుని, "మొగులైందా బిడ్డా?" అని అడిగేవాడు. ఆకాశం ఎట్లా ఉందో కూతురు చూసి చెప్పాలి. "అయింది నాయనా, నల్లగయింది" అని అబద్ధమాడిన రోజులున్నాయి, ఆయన మొహం విప్పారుతుందని. ఆయన పోయిన ఎన్నేళ్ళకో ఊరికి కృష్ణ నీళ్ళొచ్చాయి. అమ్మ ఫోన్ చేసి ముందు చెప్పింది నీళ్ళ సంగతి కాదు. "పప్పు ఉడికింది అండాలూ" అంది. "ఉప్పెయ్యకముందే ఉడికింది, మెత్తగ, ఏలుతో నొక్కితే పోయింది" అంది. బోరు నీళ్ళకి పప్పు ఎంత సేపు ఉంచినా పలుకు పలుకుగానే ఉండేది, పప్పంటే అట్లానే ఉంటుందనుకున్నారు అందరూ. ఫోన్‌లో అమ్మ ఏడుస్తోంది, పప్పుకోసం ఎవరైనా ఏడుస్తారా.

అప్పటికి అమృత కడుపులో ఉంది. లేదు, పుట్టేసింది, ఒళ్ళో ఉంది, ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో జోకొట్టింది గుర్తు. బోసినోరు. ఆ బోసినోట్లో వేలు పెట్టి తడిమి, వీటికి మచ్చ రానివ్వను అనుకుంది. ఒట్టు అనుకోలేదు, దేవుడికి మొక్కలేదు, ఊరికే అనుకుంది, రేపు కూర కొనాలి అనుకున్నట్టు. పాలపళ్ళు వచ్చాయి, మల్లెమొగ్గలు. అయిదేళ్ళప్పుడు ఊరికి తీసుకుపోతే అమ్మ ఆ పిల్లని గడపలో కూర్చోబెట్టి, బొటనవేలితో పై పెదవి ఎత్తి పట్టి, వాడకట్టంతటికీ చూపించింది. "చూడుండ్రి, మా అండాలు బిడ్డ పండ్లు చూడుండ్రి, ఒక్క మరక లేదు." ఆడవాళ్ళు వంగి వంగి చూశారు. ఒకామె తన కొంగుతో మూతి మూసుకుని మరీ చూసింది. ఆ రోజు ఆండాళ్‌కి ఎంత పొంగిపోయిందో ప్రాణం, డిగ్రీ వచ్చినప్పుడు పొంగలేదు, ఇల్లు కొన్నప్పుడు పొంగలేదు. ఆ పొంగే కొంప ముంచింది.

బబ్లర్. స్కూల్లో నీళ్ళు చిమ్మే ఆ తొట్టిని ఇక్కడ బబ్లర్ అంటారని అమృతే నేర్పింది. గ్రేడ్ వన్. బడి వదిలాక గేటు దగ్గర వెతుకుతుంటే కనిపించింది, ఆడి ఆడి మొహం కందిపోయి, మునివేళ్ళ మీద నిలబడి, కళ్ళు మూసుకుని, చిమ్మే నీళ్ళని నోటితో అందుకుంటోంది, ఎంత సుఖంగా తాగుతోందో పిల్ల. ఆండాళ్ పరుగెత్తింది. బ్యాగు పట్టి వెనక్కి లాగి, నోట్లో వేలు పెట్టి, "ఉమ్మెయ్, ఉమ్మెయ్ బిడ్డా, మింగకు" అని అందరి ముందూ. తల్లులు చూశారు. టీచర్ పరుగున వచ్చి "ఇట్స్ జస్ట్ వాటర్" అంది. "నాట్ ఫర్ అజ్" అంది ఆండాళ్, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి. పిల్ల ఏడుస్తూ ఉమ్మింది. ఇంటి నీళ్ళు చప్పగా ఉన్నాయి, స్కూల్ నీళ్ళే బాగున్నాయి అని ఎక్కిళ్ళ మధ్య చెప్పింది. అదిగో, ఆ రాత్రే తేనె సీసా తీసింది. నిమ్మకాయ కోసింది. తియ్యగా ఉంటే తాగుతుంది, తాగితే బయటి నీళ్ళ జోలికి పోదు. ఎంత తెలివి! తెలివి అంటే అదీ. తర్వాత పాలపళ్ళు ఊడి గట్టి పళ్ళు వచ్చాయి, నెలకోసారి ఫోన్ టార్చ్ వేసి వెతికేది, చుక్క ఉందా, గీత ఉందా అని. లేదు. లేదు. పోయినేడు ఒకనాడు కనిపించింది, చిగుళ్ళ పక్కన సుద్దతో గీసినట్టు తెల్లటి మరక, తర్వాత్తర్వాత గోధుమ రంగుకి తిరిగింది. వచ్చేసింది, ఇంత చేసినా ఎక్కణ్ణుంచో దూరింది, బియ్యం కడిగే నీళ్ళలోంచి, స్నానం నీళ్ళలోంచి, ఎక్కణ్ణుంచో. రెండో ఫిల్టర్ అప్పుడే పెట్టించింది. తేనె ఇంకో అర చెంచా పెంచింది, పిల్ల ఎక్కువ తాగాలని. ఆ తర్వాత పిల్ల నోరు తెరిచి చూపించడం మానేసింది. పుచ్చు మొదలైందన్న ఆలోచనే రాలేదు. ఎట్లా వస్తుంది, వాళ్ళ ఊళ్ళో పంటి మీద మరక అంటే ఒకటే అర్థం.

అయినా అసలు ఇది తన తప్పేనా. తప్పే. కాదు. తప్పెట్లా అవుతుంది, ఏ తల్లి కావాలని చేస్తుంది. చదువుకున్నావు కదా, రెండు నిమిషాలు కూర్చుని చదివితే తెలిసేది కదా, ఎక్కువైతే ఒకటి, సరిపడా ఉంటే ఒకటి అని. తెలియక కాదు. భర్త నరసింహ చెప్పాడు కూడా, "ఇక్కడిది కొద్దిగనే ఉంటది అండాలూ, గంత భయమెందుకు" అని. కొద్దిగనే! నాయనకి కూడా ఒక్కో గుక్కలో కొద్దిగనే పోయింది. తను ఆ మాట అన్నాక నరసింహ ఇక ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. అతనిది చండూరు వైపు. తనని కనిపెట్టింది కూడా పళ్ళు చూసే. ఈ దేశమొచ్చిన కొత్త, క్లేటన్‌లో ఇద్దరూ చదువుకుంటున్న రోజులు, యూనివర్సిటీ ముందు బస్‌స్టాప్‌లో చలికి వణుకుతూ నిలబడితే, పక్కనున్న స్నేహితురాలు ఏదో అంది, ఆండాళ్ నవ్వింది, చెయ్యి వెళ్ళేలోగా ఒక్క క్షణం ఆలస్యమైంది. అవతలి నుంచి ఒకతను, పేరు అడగలేదు, హలో అనలేదు, "మీది మునుగోడు దిక్కా, మర్రిగూడ దిక్కా?" అన్నాడు. "ఎట్ల తెలుసు?" అంది బిత్తరపోయి. అతను పెదాలు వెడల్పుగా విప్పి తన పళ్ళు చూపించాడు. అవే గీతలు, అదే తుప్పు రంగు. సముద్రాలు దాటొచ్చి ఊరి పొలిమేర చూసినట్టయింది. పగలబడి నవ్వింది. ఆ పూట చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆ పళ్ళు ఇప్పుడు లేవు. రెండేళ్ళ కింద ఆఫీసులో ప్రమోషన్ వచ్చాక, క్లయింట్ల ముందు నిలబడాల్సి వస్తోందని, నరసింహ పింగాణీ తొడుగులు వేయించుకున్నాడు. బాగున్నాయి, నిజంగా బాగున్నాయి. వీడియో కాల్‌లో వాళ్ళమ్మ చూసి, "ఎవరి పండ్లురా అవి?" అంది, ఇల్లంతా ఒకటే నవ్వు. కానీ ఇప్పటికీ ఉన్నట్టుండి ఎదురొచ్చి అతను నవ్వితే పక్కింటాయన వచ్చాడనుకుని ఉలిక్కిపడుతుంది ఆండాళ్. "నువ్వు గూడ చేయించుకోరాదు" అంటాడు. డాక్టర్ నీలిమ కూడా మొన్న వీళ్ళు బయల్దేరుతుంటే అంది. నాకెందుకులే అంటుంది ఆండాళ్. ఇంటి నుంచే ఉద్యోగం, మీటింగుల్లో కెమెరా ఆపేస్తే ఎవరు చూడొచ్చారు. నిజానికి కారణం అది కాదు. రోజూ పొద్దున అద్దంలో ఆ మరకలు చూసే కదా పిల్ల బాటిల్ నింపేది. అవి కూడా పోతే ఎందుకు నింపుతోందో మర్చిపోతానేమోనని భయం. మర్చిపోయినా బాగుండేది, పాడుగాను. మర్చిపోతే లోపల ఆ చప్పుడు ఉండేది కాదు.

ఇంకొకటుంది, అదే అన్నిటికంటే గుచ్చుతోంది. అమృత చెయ్యి. ఏడాదిగా నవ్వొస్తే చాలు, ఆ పిల్ల ఎడమ చెయ్యి లేచి మూతి మీదికి పోతుంది, నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి, చిటికెనవేలు కాస్త ఎడంగా. అచ్చం ఆండాళ్ పెట్టుకున్నట్టే. ఎవరు నేర్పారు? చూసి ఆండాళ్ మురిసిపోయింది కూడా, నా పోలిక అని. "నీకెందుకే అడ్డం, ఆ ఒక్క మరక తీసేస్తే నీవి ముత్యాలు" అని ఆ చెయ్యి లాగేసేది. పిల్ల విదిలించుకుని గదిలోకి పోయేది, టీనేజీ అనుకుంది. లోపల పళ్ళు నల్లబడుతున్నాయని ఆ పిల్ల అద్దం ముందు ఎన్నిసార్లు చూసుకుందో, ఎవరికీ చెప్పుకోలేక ఎంత కుమిలిందో. శనివారం ఫార్మల్, ఆకుపచ్చ గౌను అల్మారాలో వేలాడుతోంది, "నో ఫోటోస్, ఐయామ్ నాట్ గోయింగ్" అని తండ్రి దగ్గర ఏడిస్తే అప్పుడు కదా బయటపడింది. తన ఎత్తు రాలేదు, తన రంగు రాలేదు, వంశం మొత్తంలో ఏది రాకూడదని కాపలా కాసిందో, ఆ చెయ్యే వచ్చింది. ఇప్పుడు పళ్ళు బాగైనా ఆ చెయ్యి పోతుందో పోదో. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, నన్ను హర్ అన్నా సరే, ఆ చెయ్యి దిగితే చాలు. అబద్ధం. మాట్లాడాలి. మాట్లాడకపోతే తను బతకలేదు, ఉత్తుత్తి గొప్పలెందుకు.

తలుపు తెరుచుకుంది. ఇంతలోనే? గంట అయిపోయిందా? ముందు డాక్టర్ నీలిమ, చేతి తొడుగులు లాగేసుకుంటూ. "చాలా ఓపిగ్గా ఉందండీ మీ అమ్మాయి. పెదవి ఇంకాసేపు మొద్దుబారి ఉంటుంది, కొరుక్కోకుండా చూసుకోండి. మంచినీళ్ళు తాగొచ్చు." వెనక అమృత. స్కూల్ యూనిఫారం నలిగి, కళ్ళ చివర తడి ఆరిన చారలు, పై పెదవి ఎవరిదో తెచ్చి అతికించినట్టు లావుగా వేలాడుతోంది. నోరు గట్టిగా మూసుకునే ఉంది. ఆండాళ్ లేచి నిలబడింది. దగ్గరికి పోవాలా, ఇక్కడే ఉండాలా, చేతులు ఏం చెయ్యాలి. అమృత గది అంతా చూసింది, చేపల తొట్టిని చూసింది, టీవీని చూసింది, తండ్రి రాలేదని, ఇంకెవరూ లేరని, ఈవిడే ఉందని నిశ్చయించుకున్నట్టు చూసింది.

"అమ్మా," అంది. ముద్దముద్దగా వచ్చింది. "నీళ్ళు."

రెండు వారాల తర్వాత మొదటి మాట. ఆండాళ్ చెయ్యి సంచిలోకి పోయింది, బాటిల్ పైకి వచ్చింది, మూత సగం తిప్పింది. అమృత చూపు నిమ్మచెక్కల మీద ఆగింది. కోపం కూడా కాదు అది, ఇంకా నయం కోపమైనా బాగుండేది. నువ్వు మారవు కదా అన్న చూపు.

ఆండాళ్ వెనక్కి తిరిగింది. మూలనున్న సింకు దగ్గరికి నడిచింది. బాటిల్ బోర్లించింది. నీళ్ళు గుటగుటా పోయాయి, నిమ్మచెక్కలు మూతికి అడ్డంపడితే అరచేత్తో అడుగున కొట్టింది, పచ్చటి చక్రాలు ఒకటొకటిగా సింకులో పడ్డాయి. రిసెప్షన్ అమ్మాయి తల ఎత్తి చూస్తోంది. చూడనీ. దొంతరలోంచి కాగితపు గ్లాసు లాగి, నల్లా తిప్పింది. నీళ్ళు ఎంత మామూలుగా వచ్చాయో. గ్లాసు నిండింది. ముందు తను తాగింది. పిల్లకి పాలు వెచ్చగా ఉన్నాయో లేదో ముందు తను చూసినట్టు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు దాటనివ్వని నీళ్ళు, కళ్ళు మూసుకుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా. తల పూర్తిగా వెనక్కి వాలింది. నాయన గుర్తొచ్చాడు. కళ్ళు తెరిచేసరికి అమృత పక్కనే నిలబడి ఉంది.

ఇంకో గ్లాసు తీయాలని కూడా తోచక అదే గ్లాసు నింపి ఇచ్చింది. పిల్ల రెండు చేతులతో అందుకుని గుక్క తీసుకుంది. మొద్దుబారిన పెదవికి గ్లాసు అంచు ఎక్కడుందో తెలియలేదు, నీళ్ళు సగం నోట్లోకి, సగం గడ్డం మీదుగా యూనిఫారం లోకి. "ఓ మై గాడ్, నా మొహం ఎక్కడుంది?" అంది అమృత, తుడుచుకోబోయి గ్లాసు వంచేసి ఆండాళ్ చీర కుచ్చిళ్ళ మీద కూడా పోసింది. ఇద్దరూ ఒక్కసారే కిందికి చూసుకున్నారు. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు. అమృతకి ఒక పక్క పెదవే లేస్తోంది, ఇంకో పక్క వేలాడుతోంది, ఆ వంకర సందులోంచి నాలుగు కొత్త పళ్ళు. తెల్లగా, మామూలుగా, ఎవరివో కాదు, దాని పళ్ళలాగే ఉన్నాయి. ఆండాళ్‌కి నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. ఒక చేతిలో ఖాళీ బాటిల్, ఇంకో చేత్తో పిల్ల గడ్డం తుడుస్తోంది. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు. నవ్వింది. రిసెప్షన్ అమ్మాయి ముందూ, నరసరావుపేట డాక్టరమ్మ ముందూ, టీవీలో మారుతున్న ఆ మూతులన్నిటి ముందూ, నోరారా.

అమృత నవ్వు ఆపి తల్లి నోటి వైపు చూస్తోంది. కొత్తగా ఏదో ఊరు చూస్తున్నట్టు, ఆ మరకల్ని, గీతల్ని, ఒక చివర నుంచి ఇంకో చివరకి.

"ఐ'మ్ స్టిల్ యాంగ్రీ," అంది. "నీ మీద. ఓకే?"

"ఉండు బిడ్డా. ఉండు. కోపం రాదా మరి."

అమృత ఎడమ చెయ్యి పైకి లేచింది. ఆండాళ్ ఆ చెయ్యినే చూసింది. మూతి దాకా పోలేదు ఆ చెయ్యి, ఖాళీ గ్లాసుతో ముందుకొచ్చింది.

"ఇంకొన్ని," అంది పిల్ల.

ఆండాళ్ నల్లా తిప్పింది.